ఇరవై నాలుగో గడి

1983 మార్చిలో నన్ను షార్జాలోని ఒక ప్రవాసుల సంక్షేమ సంఘంలో ఉద్యోగానికి తీసుకున్నారు. హోదా పూర్తి పేరు ‘సహాయ కార్యదర్శి, రుణ విమోచన విభాగం’. ఆ విభాగంలో అధిపతినీ నేనే, గుమాస్తానూ నేనే, కింద హోటలు నుంచి టీ తెచ్చుకునేవాణ్ణీ నేనే. అంతకుముందు ఏలూరులో ఒక సహకార బ్యాంకులో తొమ్మిదేళ్లు అప్పులిచ్చి, అవి వసూలు కాక జామీనుదారుల ఇళ్ల చుట్టూ తిరిగి తిరిగి రెండు సైకిళ్లను కైలాసానికి పంపించినవాణ్ణి. ఆ అనుభవం చూసే నన్ను ఎంచుకున్నామని సంఘాధ్యక్షులవారు సెలవిచ్చారు. ఆ ఉద్యోగానికి ఇంకెవరూ దరఖాస్తు పెట్టలేదన్న సంగతి నాలుగు నెలల తర్వాత తెలిసింది.

ఆఫీసు ఒక దర్జీ దుకాణం మీది గది. కుర్చీ వెనక్కి జరిపితే వీపు గోడకు తగిలేది, ముందుకు జరిపితే పొట్ట బల్లకు తగిలేది. కిటికీలో ఒక ఏసీ ఉండేది. అది వేస్తే విమానం లేస్తోందనుకుని వచ్చినవాళ్లు సంచులు సర్దుకునేవారు. ఆపితే మనుషులు వెన్నలా కరిగిపోయేవారు. అందుకని అర్జీదారు మాట్లాడేటప్పుడు ఆపి, నేను మాట్లాడేటప్పుడు వేసేవాణ్ణి. దానివల్ల నా సలహాలు ఎవరికీ వినబడేవి కావు. విభాగానికి మంచిపేరు రావడానికి అదే కారణమని నా అనుమానం.

పని సంగతి కొంచెం చెప్పాలి. కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుంచి వచ్చే కూలివాళ్లు వీసా కొనడానికి అప్పు చేసేవారు. ఊళ్లో అప్పు పుట్టకపోతే, ముందే దుబాయ్‌లో స్థిరపడిన ఊరి మేస్త్రి ఒకడు వీసా సొమ్ము సర్దేవాడు. అలా వచ్చినవాడు ఆ మేస్త్రి కిందే పనిచేస్తూ, ఆ మేస్త్రి క్యాంపులోనే పడుకుంటూ, జీతం రోజున ఆ మేస్త్రికే వడ్డీ కట్టేవాడు. నూటికి నెలకు అయిదు రూపాయలు. ఊళ్లో మాత్రం మేస్త్రి అన్నో తమ్ముడో పొలం మీద రాయించుకున్న స్టాంపు కాగితం పెట్టెలో పెట్టుకుని కూర్చునేవాడు. మా సంఘం ఇలాంటివాళ్లకు వడ్డీ లేని ‘విమోచన రుణం’ ఇచ్చి, పాత అప్పు తీర్పించి, స్టాంపు కాగితం వెనక్కి ఇప్పించాలి. ఆ సొమ్ము దుకాణదారులూ, ఆసుపత్రి నర్సులూ నెలనెలా ఇచ్చిన చందాల్లోంచి వచ్చేది.

ఇందుకోసం అయిదో నంబరు ఫారం అని ఒకటి నేనే స్వయంగా తయారుచేశాను. ఇరవై మూడు గడులు. తండ్రి పేరు, తాత పేరు, పుట్టుమచ్చలు, క్యాంపులో ఎన్నో మంచం, ఆ మంచం పైదా కిందిదా. మనిషిని ఆ ఫారంలో పడేస్తే బ్రహ్మదేవుడు కూడా మర్చిపోయిన వివరాలు బయటికి రావాలని నా పట్టుదల. అచ్చయి వచ్చిన రోజున ఒక ప్రతిని ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ తొమ్మిదో గడి దగ్గరే నిద్రపోయింది.

ఏప్రిల్ చివరి శుక్రవారం రాజలింగు వచ్చాడు. షార్జా శివార్లలోని సజ్జా లేబర్ క్యాంపు మనిషి, కమ్మీలు వంచే పని. చేతులు చూస్తే ఆ కమ్మీలే కొన్ని లోపల ఉండిపోయాయా అనిపించేది. నేను ఫారం తీసి అప్పిచ్చింది ఎవరని అడిగాను.

“మేస్త్రి సారూ.”

“మేస్త్రి పేరు?”

“మేస్త్రే.”

“అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉంటుంది కదయ్యా!”

“పేరు రాసుడు బాగుండది సారూ. పెద్దమనిషి. మా నాయిన సచ్చిన ఉత్తరం నాకు ఆయినే సదివి జెప్పిండు. నాతోని కూసోని ఏడ్చిండు గూడ.”

“ఆ నెల వడ్డీ వదిలేశాడా మరి?”

“ఏడ వదులుతడు? తీస్కున్నడు.” నా అజ్ఞానానికి జాలిపడ్డట్టు చూశాడు. “ఏడుసుడు వేరే సారూ, వడ్డీ వేరే.”

మూడేళ్ల కిందట తెచ్చిన తొమ్మిదివేలకు అప్పటిదాకా పదహారువేల రెండువందల రూపాయలు వడ్డీ కట్టాడు. అసలు ఏమైందని అడిగితే, “అసలుకేం గాలే సారూ, గట్లనే పదిలంగున్నది” అన్నాడు, దాన్ని కాపాడుతున్నది తానే అన్నట్టు. ఊళ్లో బావి కింద రెండెకరాలు ఉంది. దాని మీదే భార్య పోసవ్వ, ఇద్దరు పిల్లలు బతుకుతున్నారు. స్టాంపు కాగితం ఆ రెండెకరాల మీదే. జూన్ మొదటివారంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. వాళ్ల భాషలో మిరుగు. విత్తనం వేసే అదను అదే. మిరుగు లోపల అసలు ముట్టకపోతే ఆ పొలంలో నాగలి తానే కడతానని ఊళ్లో ఉన్న మేస్త్రి అన్నయ్య పోసవ్వ వాకిట్లో నిలబడి చెప్పిపోయాడట. ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం రాజలింగు గొంతులో మేస్త్రి మంచితనం కాస్త తగ్గింది.

లెక్క చూస్తే సులువైన కేసు. వడ్డీకి కడుతున్న నూట అరవై దిర్హమ్‌లే నెలనెలా మాకు కడితే ఇరవై నెలల్లో అసలు తీరిపోతుంది. కావలసిందల్లా జామీను. వెయ్యి దిర్హమ్‌లకు పైబడిన జీతమూ, చెల్లే బతాకా ఉన్న జామీనుదారు ఒకడు కావాలి. బతాకా అంటే లేబర్ కార్డు. అది జేబులో లేకుండా బజారుకు వచ్చినవాణ్ణి పోలీసులు ఎక్కించుకుపోయేవారు. జామీనుదారు లేకపోతే పైసా రాదని ఏసీ వేసి గట్టిగా చెప్పాను. రాజలింగు ఏసీ వైపు చూస్తూ తలూపి వెళ్లిపోయాడు.

మరుసటి శుక్రవారం జామీనుదారును వెంటబెట్టుకుని వచ్చాడు. చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇస్త్రీ చొక్కా, చేతికి బంగారు రంగు గడియారం, కింద దుకాణం దాకా కొట్టే అత్తరు. పేరు మల్లేశం. జీతం పద్నాలుగువందలు. ఏలూరులో నేను చూసిన జామీనుదారులు సంతకం పెట్టమంటే ఉరికంబం ఎక్కుతున్నట్టు వచ్చేవారు. ఈయన నవ్వుతూ మూడు ప్రతుల మీదా గీకి, సిరా ఆరడానికి ఊదాడు కూడా. రాజలింగు బతాకా నంబరు కావాలన్నాను. మల్లేశం తన చొక్కా జేబులోంచి రాజలింగు బతాకా తీసి బల్లమీద పెట్టాడు. ఒక మనిషి కార్డు ఇంకో మనిషి జేబులో ఎందుకుందన్న ప్రశ్న, తొమ్మిదేళ్ల బ్యాంకు అనుభవం ఉన్న ఈ మహామేధావికి తోచలేదు. నంబరు రాసుకుని “థాంక్స్ అండీ” అన్నాను.

అప్పట్లో సంఘం నిబంధన ఏమంటే, సొమ్ము అర్జీదారు చేతికే ఇవ్వాలి. చెల్లుచీటీ, స్టాంపు కాగితం వారంలోగా దాఖలు చేసుకోవాలి. సొమ్ము ఇచ్చేటప్పుడు ఉపసంఘ సభ్యులొకరు సాక్షిగా ఉండాలి. ఆ రోజు సాక్షి సారమ్మగారు. నరసాపురం దగ్గరి మనిషి, ఆసుపత్రిలో హెడ్ నర్సు. రోగి అబద్ధం చెబుతున్నాడో లేదో థర్మామీటరు పెట్టకుండానే చెప్పగలదని ప్రతీతి.

నేను మూడువేల రెండువందల చిల్లర దిర్హమ్‌లు లెక్కపెట్టి రాజలింగు చేతిలో పెట్టాను. అతను కళ్లకద్దుకున్నాడు. అద్దుకుని, కూర్చున్నచోటి నుంచి కదలకుండా, పక్కనున్న జామీనుదారు చేతిలో పెట్టాడు. మల్లేశం వేలు తడిచేసుకుని లెక్క మొదలుపెట్టాడు.

సారమ్మగారు నావైపు చూశారు. నేను కేలెండరు వైపు చూశాను.

“ఏవయ్యా రాజలింగూ, ఆయనకెందుకిచ్చావ్?” అన్నారావిడ.

“మేస్త్రికే గదమ్మా ఇయ్యాల్సింది!”

“అయ్య బాబోయ్! అప్పిచ్చినాయన్నే జామీనుకు తెచ్చావా?”

“వెయ్యి దిర్హమ్‌ల జీతం మా క్యాంపుల ఇంకెవ్వనికున్నదమ్మా? సారే అడిగిండు.”

అది అక్షరాలా నిజం. మూడువందల మంచాల క్యాంపులో నా ఫారం కోరిన అర్హతలన్నీ ఉన్న ఏకైక తెలుగువాడు, ఏ మనిషి నుంచి వాళ్లను విడిపించాలని ఆ ఫారం పుట్టిందో ఆ మనిషే. ఇరవై మూడు గడుల్లో పుట్టుమచ్చలకు రెండు గడులు కేటాయించాను కానీ, ఈ సంగతి అడిగే గడి ఒక్కటీ లేదు.

చెల్లుచీటీ ఇమ్మంటే మల్లేశం సొమ్ము జేబులో పెట్టుకుంటూ తాపీగా జవాబిచ్చాడు. కాగితం ఊళ్లో అన్న దగ్గరుంది, అన్నకు చెబుతాను, అన్న చూసుకుంటాడు, అన్న పెద్దమనిషి. ఇక వడ్డీ ఆలస్యమైన నెలల తాలూకు చిల్లర ఏదైనా ఉంటే దాన్నీ అన్నే తేలుస్తాడు. “యల్లా సారూ, బస్సున్నది” అని లేచాడు. రాజలింగు కూడా అతని వెనకే, అతను కొనిచ్చే టీ తాగడానికి వెళ్లాడు.

అధ్యక్షులవారు బట్టల వ్యాపారి. కోపం వస్తే ఆయన నోట కొలతలే వచ్చేవి. ఆ రాత్రి ఫోనులో, నా బుర్ర కోసిన చోటే అరమీటరు తక్కువ కోశారని సంగ్రహంగా తెలియజేశారు. సంఘం చరిత్రలో బాధితుడికి అప్పిచ్చి, ఆ అప్పు వడ్డీవ్యాపారికి బహూకరించి, అదే వడ్డీవ్యాపారి చేత దానికి జామీను సంతకం పెట్టించుకున్న కార్యదర్శి నా ముందు లేడు, నా తర్వాత రాడు. మిరుగుకు అయిదు వారాలుంది. ఉత్తరం చేరడానికే రెండు వారాలు పట్టేది. వారం గడిచినా చెల్లుచీటీ రాలేదు. రాజలింగును అడిగితే మేస్త్రి మంచోడని మళ్లీ చెప్పాడు. ఏసీ వేసి గోడకేసి తల కొట్టుకున్నాను.

నన్ను గట్టెక్కించింది సారమ్మగారు. ఎంత దౌర్భాగ్యమో, అందుకు ఆవిడ వాడుకున్నది ఆ ఫారమే. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చి, ప్రతి అడిగి, పదిహేడో గడి కింది సన్న అక్షరాలు పైకి చదివారు. అర్జీదారు ఉద్యోగం మాని స్వదేశం వెళ్లినచో మిగిలిన రుణమును జామీనుదారు జీతము నుండి, అతని యాజమాన్యము ద్వారా వసూలు చేయవలెను. నేనే రాశాను. రాసి మర్చిపోయాను.

“సెక్రటరీగారూ, పొలం పోయినోడు ఇక్కడ కమ్మీలు వంచుకుంటా ఎందుకుంటాడండీ? పెళ్లాం పిల్లల దగ్గరికి ఎళ్లిపోతాడు. అప్పుడు బాకీ ఎవరి నెత్తిన?”

ఆ శుక్రవారం ఇద్దరం సజ్జా వెళ్లాం. మల్లేశం మర్యాదకు లోటు చేయలేదు. తన మంచం మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అన్న ఇంకా కబురు పంపలేదని విచారం ప్రకటించాడు. సారమ్మగారు టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఇంజక్షను ఇచ్చేముందు మాట్లాడే మెత్తని గొంతుతో పదిహేడో గడి వివరించారు. యాజమాన్యం ద్వారా అంటే ముదీర్ ద్వారా అని విడమర్చారు. ముదీర్ అంటే కంపెనీ మేనేజరు. తన కింద పనిచేసేవాళ్లకు మేస్త్రి అప్పులివ్వడం ఆ కంపెనీలో నిషేధం. తెలిస్తే మేస్త్రిగిరీ, ఉద్యోగమూ, వీసా మూడూ పోతాయి.

మల్లేశం అత్తరు వాసన కూడా కాస్త తగ్గినట్టనిపించింది.

“ముదీర్ దాంక ఎందుకమ్మా? ఆయినకు దెలిస్తె నా పని ఖలాస్. నేను రాసిస్త. కని మా అన్న నమ్మాలె గద? ఆయినకు సదువు రాదు. ఎవడో రాసిండంటడు.”

అప్పటిదాకా పైమంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న రాజలింగు నోరు తెరిచాడు.

“కేసెట్ పంపుదాం సారూ.”

ఆ రోజుల్లో క్యాంపుల్లో ఉత్తరాల పని చాలావరకు కేసెట్లే చేసేవి. చదువురానివాళ్లు టేపురికార్డరు ముందు కూర్చుని ఇంటికి చెప్పాలనుకున్నదంతా చెప్పి, సెలవు మీద వెళ్లేవాడి పెట్టెలో పంపేవారు. రాజలింగు ఊళ్లో కేసెట్ వినిపించే యంత్రం ఒక్కటే ఉండేది, బస్సుస్టాండు హోటల్లో. అంటే కేసెట్ ఎవరి పేర వచ్చినా దాన్ని ఊరంతా వినేది. మల్లేశానికి నాకంటే ముందే ఆ సంగతి తట్టింది. వెంటనే గొంతు బాగాలేదన్నాడు. సారమ్మగారు చేతిసంచిలోంచి మాత్ర తీసిచ్చారు.

రికార్డింగు మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. కేసెట్ మాట్లాడటానికి ఒక ఆచారం ఉంది. అసలు సంగతికి ముందు ఊళ్లో ప్రతి మనిషికీ పేరుపేరునా శనార్తి, అంటే దండం, చెప్పాలి. ఒక్కరిని వదిలినా ఏడాది పగ. మల్లేశం పెద్దన్నతో మొదలుపెట్టి, వదినలు, మేనమామలు, కల్లు దుకాణం వాళ్లు, చాకలి, మంగలి, పట్వారీ, బాకీ ఉన్నవాళ్లు, బాకీ లేనివాళ్లు, ఇలా ఊరిని ఇల్లిల్లూ తిరిగాడు. కేసెట్‌లో అరగంట నిడివి ఉన్న ఒక పక్క టక్కున ఆగిపోయింది. అందులో అప్పు అన్న మాట లేదు.

“మేస్త్రిగారూ,” అన్నారు సారమ్మగారు కేసెట్ తిప్పి పెడుతూ, “మనుషులైపోయారా, గేదెలు మిగిలాయా?”

“గిప్పుడైతది అమ్మా, మా బామ్మర్దులు నలుగురే ఉన్నరు.”

బావమరుదులయ్యారు. చివరికి టేపురికార్డరు ఎర్రమీట వైపు కళ్లార్పకుండా చూస్తూ అన్నాడు. “అన్నా, రాజలింగు పైసలు నాకు ముట్టినయ్. అసలు ముట్టింది, వడ్డీ ముట్టింది. ఒక్క పైస లేదు. కాయితం పోసవ్వకియ్యి. పొలం దిక్కు పోకు.” ఆపేశాక నుదురు తుడుచుకుని, పద్నాలుగేళ్ల దుబాయ్‌లో ఇంత బరువైన పని ఎన్నడూ చేయలేదన్నాడు. మూడోరోజున ఊరికి సెలవు మీద వెళ్లే వడ్రంగి ఒకడు దాన్ని లుంగీలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు.

తర్వాత మేము చేయగలిగింది ఏమీ లేదు. జూన్ మొదటివారం వచ్చింది. నాగలి ఎలా పట్టుకుంటారో తెలియని నేను, మబ్బు తునక కూడా లేని షార్జా ఆకాశం కింద నిలబడి, కరీంనగర్‌లో వానపడిందా అని దారినపోయేవాళ్లను అడిగేవాణ్ణి. వాళ్లు నన్ను ఎండదెబ్బ తగిలినవాడి కింద జమకట్టి నీళ్లిచ్చేవారు.

జులైలో రాజలింగు జవాబు కేసెట్ పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ఏసీ ఆపేశాను. సారమ్మగారూ నేనూ చెమటలు కారుస్తూ సగం కేసెట్ సేపు శనార్తులు విన్నాం. సంఘం సారుకు, సూదులమ్మకు కూడా ఒక్కొక్కటి వచ్చింది. ఆ తర్వాత పోసవ్వ గొంతు గట్టిపడింది.

“కేసెట్ హోటల్ల పెట్టిన్రు. ఊరంత ఇన్నది. తెల్లారి మేస్త్రోళ్ల అన్న కాయితం దెచ్చి నా ముందల చింపవోయిండు. నేను గుంజుకున్న. చింపుతె నా చేతుల ఏముంటది? రేపు ఇంకో కాయితం దెస్తె నేనేం జూపాలె? గా కాయితం మీదనే ముట్టినయని పంతులుతోని రాపిచ్చి, ఆయిన ఏలుముద్ర ఏపిచ్చిన. సందుగల పెట్టి తాళమేసిన. మిరుగుల నాగలి మనదే కట్టినం. నువ్వు సంగపోళ్ల పైసలు నెలనెల కట్టు. మల్ల మేస్త్రి దగ్గర దెచ్చి కట్టేవు, జాగ్రత్త.”

రాజలింగు తలవంచుకుని గోరు గిల్లుకోసాగాడు. నాకు అనుమానం వచ్చింది. జూన్ వాయిదా కింద అతను కట్టిన నూట అరవై ఎక్కడివని అడిగాను.

“మేస్త్రి ఇచ్చిండు సారూ.”

నేను కుర్చీ వెనక్కి జరిపి వీపు గోడకు కొట్టుకున్నాను. సారమ్మగారు కళ్లు మూసుకున్నారు.

“వడ్డీ ఎంతయ్యా?” అన్నాను.

“వడ్డీ లేదు సారూ. నేను కట్టకుంటె ఆయిన మీదికే వస్తది గద, జమానతు. ఆయినే ఉరికొచ్చి ఇచ్చిండు.” ఒక పెద్ద వివాదం తేల్చినట్టు అన్నాడు. “నేను జెప్పలే? మేస్త్రి మంచోడే.”

ఇరవై వాయిదాలూ తేదీ తప్పకుండా జమ అయ్యాయి. అందులో ఎన్ని ఎవరి జేబులోంచి వచ్చాయో నేను మళ్లీ అడగలేదు. సంఘం అయిదో నంబరు ఫారానికి ఇరవై నాలుగో గడి చేర్చింది. ‘జామీనుదారు అప్పిచ్చిన వ్యక్తియా? అవును, కాదు.’ అవును అయితే అర్జీ తోసిపుచ్చాలని తీర్మానం. నేనున్న మిగతా ఆరేళ్లలో ఆ గడిలో అవును అని ఎవరూ రాయలేదు. రాయమంటే ఎవడు రాస్తాడు?

అందుచేత గడిని నమ్ముకోవడం మానేసి, సొమ్ము ఇచ్చాక అది ఏ జేబులోకి వెళ్తుందో చూడటం అలవాటు చేసుకున్నాను. స్టాంపు కాగితం బల్లమీదికి రానిదే నోట్లకట్ట సొరుగులోంచి తీయలేదు. కాగితం వస్తే చింపనివ్వలేదు. ముట్టినట్టు దానిమీదే రాయించి వేలిముద్ర వేయించాను. అది పోసవ్వ పద్ధతి. అప్పిచ్చినవాడు దుర్మార్గుడని అర్జీదారు చేత ఒప్పించడానికి మొదటి ఏడాది చాలా శ్రమపడ్డాను. ఆ తర్వాత ఆ పని పెట్టుకోలేదు. కాగితం వెనక్కి రావడానికి ఆ ఒప్పుకోలు అవసరం లేదు.